పాత కంప్యూటర్‌ని సామాన్లాయనకి ఇచ్చే ముందు

దసరా దగ్గరపడిందంటే సజ్జల మీద సామానంతా కిందికి దిగుతుంది. ఇత్తడి బిందెలు, ఎప్పటిదో మిక్సీ అట్టపెట్టె, పిల్లల పాత పుస్తకాలు, వాటి వెనకాల దుప్పట్లో చుట్టిన ఒక సీపీయూ. 2000 తర్వాత పిల్లల్ని డిగ్రీకో ఇంజనీరింగ్‌కో పంపిన ఇళ్ళలో ఇది తప్పకుండా ఉంటుంది. బరువు మానిటర్ ఎప్పుడో పోయి ఉంటుంది. కీబోర్డు పిల్లలు ఆడుకుని విరగ్గొట్టి ఉంటారు. ఈ డబ్బా మాత్రం "అన్ని వేలు పోసి కొన్నం" అన్న ఒక్క మాట మీద మిగిలి ఉంటుంది. తర్వాత ఒక రోజు గల్లీలో పాత సామాన్లు కొనేవాళ్ళ మైకు వినబడుతుంది, డబ్బా బండెక్కుతుంది.

ఇవ్వొద్దని చెప్పను, ఇవ్వండి. ఇంట్లో చోటు ఊరికే రాదు. కాకపోతే దాని లోపల అరచేతిలో పట్టే ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది, హార్డ్ డిస్క్ అంటారు. అది తీసుకుని మిగతాది ఇవ్వండి. ఫోటోలు, ఉత్తరాలు, పిల్లల ప్రాజెక్టులు, పాత లెక్కలు, అన్నీ ఉండేది ఆ పెట్టెలోనే. మిగిలిందంతా తీగలూ రేకులే.

నాకీ సంగతులు పట్టేలా చేసింది మా పుట్టిల్లు. మాది కొదురుపాక. అప్పట్లో కరీంనగర్ జిల్లా, బోయినపల్లి మండలం. 2016లో జిల్లాలు విడగొట్టాక రాజన్న సిరిసిల్లలోకి వచ్చింది. మిడ్ మానేరు కింద మునిగిన ఊళ్ళలో మాదీ ఒకటి. మా గూన పెంకుల ఇల్లు, బాపు కూర్చునే అరుగు, ఇంటి వెనక బాయి, అన్నీ ఇప్పుడు నీళ్ళ కిందే. అమ్మ పునరావాస కాలనీలో స్లాబు ఇంట్లో ఉంటుంది. ఇల్లు బాగానే ఉంది, చల్లదనం లేదంటుంది అంతే.

మా తమ్ముడు 2006లో కరీంనగర్‌లో ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు బాపు వడ్లమ్మిన డబ్బుతో వాడికి కంప్యూటర్ కొన్నాడు. రెండేళ్ళకి వాడు ఒక చిన్న డిజిటల్ కెమెరా తెచ్చుకున్నాడు. కొత్త మురిపెం కదా, కనబడిందల్లా తీసేవాడు. బర్రెను తీశాడు, గడ్డివామును తీశాడు, గోలెంలో నీళ్ళు తాగుతున్న కాకిని తీశాడు. 2009లో మా చెల్లె పెళ్ళయితే స్టూడియో వాళ్ళు పందిట్లో మనుషుల్ని తీశారు, వీడు పందిరి బయట ఊరంతా తీశాడు. పెళ్ళి ఆల్బమ్ ఈ రోజుకీ ఉంది. అందులో మొహాలు ఉన్నాయి, పట్టుచీరలు ఉన్నాయి, ఇల్లు మాత్రం లేదు. బాపు 2013లో పోయాడు. ఊరు ఖాళీ చేసేనాటికి మా అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి గానీ, అప్పటికే సగం ఇళ్ళకి దర్వాజలు పీకేశారు, పెంకులు దించేశారు. ఆ ఫోటోలు చూడాలంటే కడుపులో దేవినట్టవుతుంది.

కిందటేడు దసరాకి అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ సీపీయూ కనబడింది. బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, అది పనిచెయ్యక ఎన్నేండ్లయింది, ఎవనికన్న ఇచ్చెయ్" అన్నాడు. పక్కనే చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే, "అండ్ల మన ఇల్లుంటదా బిడ్డా?" అని అడిగింది.

అప్పుడే స్క్రూడ్రైవర్ తెమ్మన్నాను.

ఇంట్లో ఎవరైనా చేసుకోగల పనే ఇది. ముందు కరెంటు తీగ పూర్తిగా తీసేయాలి. సింథటిక్ చీర మీద ఈ పని పెట్టుకోకండి, నూలు చీరో డ్రెస్సో మేలు. మన ఒంటి మీద పుట్టే చిన్న చురుకు కరెంటు లోపలి చిప్పులకు పడదు. డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి మొదలుపెడితే చాలు. పక్క రేకుకి వెనకాల రెండు స్క్రూలుంటాయి, తీస్తే రేకు జారుతుంది. లోపల ముందు వైపు, పై నుంచి మూడు నాలుగు అంగుళాల కింద, డిస్క్‌ని నాలుగు స్క్రూలతో బిగించి ఉంటారు. దానికి రెండు తీగలు వస్తాయి, ఒకటి కరెంటుది, ఒకటి సమాచారానిది. సమాచారం తీగ చేతి బెత్తెడు వెడల్పున, పట్టీలా బూడిద రంగులో ఉంటే అది పాత ఐడీఈ రకం, డిస్క్ వెనకాల నలభై సూదులు రెండు వరసల్లో ఉంటాయి. తీగ చిటికెన వేలంత సన్నగా ఉంటే సాటా రకం. 2005కి అటూ ఇటూ కొన్నవాటిలో రెండూ కనబడతాయి. మాది నలభై సూదుల రకం. తీగని పట్టుకుని లాగొద్దు, దాని కొస ప్లాస్టిక్ ముక్కని రెండు వైపులా పట్టుకుని మెల్లగా ఊపుతూ తీయాలి. సూది వంగిందంటే పని పెరుగుతుంది.

తీసింతర్వాత దాన్ని గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని ఆదిలాబాద్ తెచ్చుకున్నాను. జగిత్యాల, నిర్మల్ మీదుగా ఐదారు గంటల బస్సు. బస్సులో సంచి పైన పెట్టమంటే పెట్టలేదు. ఆగి ఉన్న డిస్క్ కొంచెం కుదుపు తట్టుకుంటుంది గానీ కింద పడితే తట్టుకోదు. నడుస్తున్న డిస్క్ అయితే బల్ల మీద జరిపినా ప్రమాదమే. లోపల అద్దంలాంటి పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటుంది, దాని మీద చదివే ముల్లు ఆనకుండా తేలుతుంటుంది. ముల్లుకీ పళ్ళేనికీ మధ్య ఎడం మన వెంట్రుక మందంలో కొన్ని వేల వంతు. అందుకే డిస్క్ మూత మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. మన ఇంటి గాలిలో ధూళి కణం దానికి బండరాయి. డిస్క్ పాడైతే ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్ళూ ఉంటారు, వినకండి. తేమ చేరి ఉన్నదీ పోతుంది.

ఊళ్ళో ఒక కంప్యూటర్ షాపుకి తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి, పిల్లవాడు మంచివాడే. తగిలించి చూశాడు, ఏమీ రాలేదు. "ఇది పోయింది మేడమ్" అన్నాడు. ఇంకోసారి చూడు నాయనా అంటే, "ఫార్మాట్ కొడితే నడుస్తదేమో" అన్నాడు. ఫార్మాట్ అంటే పలకని తుడవడం. రాసింది చదవలేకపోతున్నామంటే తుడిచి ఇస్తానంటాడేంటి! తీసుకుని ఇంటికొచ్చేశాను.

మా ఆయన బళ్ళో లెక్కలు చెబుతారు, ఇంట్లో మాత్రం ఇలాంటివి నాకే వదిలేస్తారు. మా పాప హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ రెండో ఏడాది. దానికి ఫోన్ చేస్తే యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ తెప్పించుకోమంది, వెయ్యికి అటూ ఇటూగా వచ్చింది. కొనేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. ఐడీఈ, సాటా రెండూ పట్టేది తీసుకోండి. విడిగా కరెంటు అడాప్టర్ ఇచ్చేది తీసుకోండి. ల్యాప్‌టాప్‌లో ఉండే చిన్న డిస్క్, రెండున్నర అంగుళాలది, యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతో నడుస్తుంది. డెస్క్‌టాప్ డిస్క్ మూడున్నర అంగుళాలది, దానికి 12 వోల్టులు కూడా కావాలి. అది లేకుండా తగిలిస్తే పళ్ళెం తిరగదు, డిస్క్ పోయిందనుకుంటాం. పాత తీగలు ఇక్కడ దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, సీటీసీ అంటే ఆటో వాళ్ళకి కూడా తెలుసు.

అడాప్టర్‌తో పాటు చిన్న సీడీ ఒకటి వచ్చింది, డ్రైవర్లు అని రాసి ఉంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే లేదు, మరి ఎలా అని కంగారు పడక్కర్లేదు. అలాంటి సీడీలు విండోస్ 98 రోజుల కోసం. అప్పట్లో పెన్‌డ్రైవ్ పెట్టినా డ్రైవర్ ఎక్కించాల్సి వచ్చేది. విండోస్ ఎక్స్‌పీ నుంచి ఇలాంటివాటికి డ్రైవర్ లోపలే ఉంటోంది.

డ్రైవర్ అంటే ఏంటని మా అత్తమ్మ అడిగితే ఇలా చెప్పాను. మన ఆదిలాబాద్ అంగట్లో తెలుగు వాళ్ళుంటారు, మరాఠీ వాళ్ళుంటారు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, గోండి మాట్లాడేవాళ్ళు ఉంటారు. ఒకరి మాట ఒకరికి తెలియకపోతే మధ్యలో తెలిసినవాడొకడు నిలబడి బేరం కుదురుస్తాడు. కంప్యూటర్‌కీ మనం తగిలించిన వస్తువుకీ మధ్య అలా నిలబడే దుబాసీయే డ్రైవర్. దుబాసీ రాలేదంటే బేరం ఆగుతుంది. అంతేగానీ గంపలో జొన్నలు లేవని కాదు. షాపుల్లో "పోయింది" అనే మాట చాలాసార్లు దుబాసీ రాని రోజే వినబడుతుంది. కనబడకపోవడం వేరు, పోవడం వేరు.

మా డిస్క్ విషయంలో దుబాసీ కూడా వచ్చాడు, అయినా కనబడలేదు. పళ్ళెం తిరుగుతున్న సన్నటి హోరు వినబడుతోంది, టక్ టక్ చప్పుడు లేదు. ఈ చప్పుడు గుర్తుపెట్టుకోండి. ఆగకుండా టక్ టక్ అంటుంటే వెంటనే కరెంటు తీసేసి, ఇక మళ్ళీ పెట్టకుండా, డేటా వెనక్కి తీసే ల్యాబులకి పంపడం తప్ప ఇంట్లో చేసే పనేమీ లేదు. మాది మంచి హోరే. పాప వీడియో కాల్‌లో డిస్క్ వెనక్కి తిప్పమంది. సూదులకీ కరెంటు గుంటకీ మధ్య ఇంకో చిన్న సూదుల గుంపు ఉంది, దాని మీద గోరంత ప్లాస్టిక్ ముక్క. జంపర్ అంటారట. ఆ రోజుల్లో ఒకే తీగకి రెండు డిస్కులు తగిలించేవాళ్ళు కాబట్టి ఏది పెద్దది, ఏది చిన్నది అని ఈ ముక్కతో చెప్పాలి. మాది చిన్నదానిగా పెట్టి ఉంది. డిస్క్ మీద అతికించిన కాగితంలోనే ఏ సూదుల మీద పెడితే మాస్టర్ అవుతుందో బొమ్మ వేసి ఉంది. బొట్టుబిళ్ళ తీసే పట్టకారుతో తీసి అక్కడ పెట్టాను. ముందు కరెంటు, తర్వాత యూఎస్‌బీ. రెండు నిమిషాల్లో విండోస్ టింగ్ మంది.

80 జీబీ డిస్క్ 74.5 అని చూపించింది. దీనికీ కొందరు భయపడతారు. తయారుచేసినవాళ్ళు వెయ్యి లెక్కన, విండోస్ 1,024 లెక్కన కొలుస్తారు, అంతే తేడా. సేర్లలో కొలిచి కిలోల్లో అడిగినట్టు.

మీకు టింగ్ మన్నా డిస్క్ కనబడకపోతే స్టార్ట్ బటన్ మీద కుడి నొక్కు నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ డిస్క్ ఉండి, పక్కన అక్షరం మాత్రం లేకపోవచ్చు. డిస్క్‌కి ఒక అక్షరం ఇస్తే మామూలుగా తెరుచుకుంటుంది. ఇంకోటి, "ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి" అని విండోస్ తనే అడుగుతుంటుంది. అడిగినన్ని సార్లూ క్యాన్సిల్ నొక్కండి. తుడవకపోతే, కొత్తగా ఏమీ రాయకపోతే, లోపలిది లోపలే ఉంటుంది. చెక్ చేసి బాగుచేస్తానన్నా ఆ గడియకి వద్దనండి, ఆ బాగుచేయడంలో అది డిస్క్ మీద రాస్తుంది.

ఎక్స్‌పీ రోజుల ఫోటోలు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే ఫోల్డర్‌లో, కంప్యూటర్ వాడినవాళ్ళ పేరు కింద ఉంటాయి. అక్కడ "మీకు అనుమతి లేదు" అంటుంది. పాస్‌వర్డు మర్చిపోయాం కదా అని తమ్ముడు ఫోన్‌లో నిట్టూర్చాడు. కంటిన్యూ అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే చాలాసేపు ఆలోచించి తెరుస్తుంది. మేం కొంత తెరిచి చూశాం. బతుకమ్మ అని ఒక ఫోల్డర్, చెల్లె పెళ్ళి అని ఒకటి, "ఊరు" అని ఒకటి. బతుకమ్మ గబగబా కాపీ అయింది. "ఊరు" దగ్గర ఆకుపచ్చ గీత నిలబడిపోయింది. హోరు మారింది, గీరుతున్నట్టు. అక్కడే ఆపేశాం. ఆగిన చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తే ముల్లు అక్కడే గీకుతుంది, పక్కన బాగున్నది కూడా పోతుంది.

సంక్రాంతి సెలవులకి పాప వచ్చేదాకా డిస్క్ బీరువాలో చీరల మధ్య ఉంది. ఆ మూడు నెలలు అమ్మ రోజూ ఫోన్‌లో అన్నీ అడిగి, చివరకి "అది ఏమన్న తెలిసిందా" అనేది.

పాప పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు పెట్టుకుని వచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌ని కదపకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఇంకో వ్యవస్థ ఇది, ఉచితం. దీనికి రెండు సుగుణాలు. చాలా వస్తువుల డ్రైవర్లు అందులోనే కలిపి ఉంటాయి, వెతకక్కర్లేదు. విండోస్ అనుమతుల గోల దీనికి పట్టదు. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో పాప డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎత్తింది. బాగున్న భాగాలన్నీ ముందు తీసుకుని, మొండికేసిన చోటు దాటేసి, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది అది. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు మనం చేసేదీ ఇదే. ఆ 80 జీబీ ఫైలు పెట్టుకోవడానికి ఖాళీ ఉన్న పెద్ద డిస్క్ కావాలి, అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండకూడదు, ఎందుకంటే దానిలో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. రాత్రంతా నడిచింది. పొద్దున సకినాలు చుట్టుకుంటూ మధ్యమధ్య వచ్చి చూశాను. ఎత్తిన తర్వాత పాత డిస్క్‌తో పని లేదు, ఏం ప్రయత్నం చేసినా ఆ నకలు మీదే.

"ఊరు" ఫోల్డర్‌లో 412 ఫోటోలు. పదకొండు అసలు తెరుచుకోలేదు. ఇంకొన్ని సగం దాకా వచ్చి కింద బూడిద రంగు పట్టీ అయిపోయాయి. బాపు అరుగు మీద కూర్చుని తువ్వాలతో మొహం తుడుచుకుంటున్న ఫోటో అలాంటిదే. ఇంటి చూరు, దర్వాజ, బాపు తల, భుజాలు ఉన్నాయి. అరుగు సగం నుంచి బూడిద. మిగతావి బాగానే వచ్చాయి.

మా ఇంటి కథ పక్కన పెట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది ఇప్పటి పిల్లల ల్యాప్‌టాప్‌లకి వచ్చేది. అదే సెలవుల్లో పాప స్నేహితురాలి ల్యాప్‌టాప్ మొరాయిస్తే విండోస్ మళ్ళీ ఎక్కించబోయారు. సగంలో "డ్రైవ్‌లు ఏమీ కనబడలేదు" అని వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఒక షాపాయన ఎస్‌ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలన్నాడట. నాలుగైదు వేలు. నిజానికి అక్కడా రానిది దుబాసీయే. ఇంటెల్ పదకొండో తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ముందు వీఎండీ అని ఒక కాపలాదారు ఉంటాడు. విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌లో వాడి డ్రైవర్ లేకపోతే డిస్క్ ఉన్నా కనబడదు. ల్యాప్‌టాప్ అడుగున రాసిన మోడల్ పేరు తీసుకుని, దాన్ని తయారుచేసినవాళ్ళ సైటులో సపోర్ట్ అనే చోట వెతికితే, స్టోరేజ్ వరసలో ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ అనే డ్రైవర్ ఉంటుంది. దించుకుని, విప్పి, ఆ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కించేటప్పుడు లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్క్ ప్రత్యక్షం. ఆ అమ్మాయికి అలాగే ప్రత్యక్షమయింది. ఐదు వేలు మిగిలాయని వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసింది, నేను చేసిందేమీ లేకపోయినా.

మోడల్ పేరు చెరిగిపోయి, వస్తువేదో కూడా తెలియకపోతే ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు పడ్డ వస్తువు మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్. వెండర్‌కి నాలుగు గుర్తులు, వస్తువుకి నాలుగు గుర్తులు కనబడతాయి. బండి నంబరు చూసి ఏ జిల్లాదో చెప్పినట్టే, మొదటి నాలుగూ చూసి ఎవరు చేశారో చెప్పొచ్చు. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో వాళ్ళు చేసిన చిప్ పేరే దానికి నంబరుగా పెట్టుకున్నారు. ఆ అంకెలతో వెతికితే వస్తువు పేరు తెలుస్తుంది, పేరు తెలిస్తే డ్రైవర్ చేసినవాళ్ళ దగ్గరే దొరుకుతుంది. మధ్యలో "మీ డ్రైవర్లన్నీ మేమే కొత్తవి చేస్తాం" అని మెరుస్తూ వచ్చే ప్రోగ్రాముల జోలికి వెళ్ళకండి. గడప దాటి లోపలికొచ్చాక వాటిని పంపించడం కష్టం.

అన్నిటికీ దారి ఉంటుందని అనను. మా ఇంట్లో పాత స్కానర్‌కి 32 బిట్ విండోస్‌కి చేసిన డ్రైవరే ఉంది, ఇప్పటి 64 బిట్ విండోస్ దాన్ని రానివ్వదు. అలాంటప్పుడు పాత కంప్యూటర్ ఉంచుకోవడమో, పాత స్కానర్లకి సొంత డ్రైవర్లు రాసిపెట్టే వ్యూస్కాన్ లాంటి ప్రోగ్రామ్ కొనుక్కోవడమో. తమ్ముడి డిస్క్‌లో చెల్లె పెళ్ళి పత్రిక ఫైలు కూడా దొరికింది, అను ఫాంట్లలో కొట్టింది. ఆ ఫాంట్లు లేకుండా తెరిస్తే మా బాపు పేరు ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలుగా కనబడింది. ఫైలు చక్కగా ఉంది, చదివేవాడే లేడు.

దాచుకోవడం గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే తీసినంత శ్రమా మళ్ళీ పోగొట్టుకోవడానికి కాదు. రోజూ వాడే కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత ల్యాప్‌టాప్ కూడా లేచి కూర్చుంటుంది. వేయించే ముందు మీ దాంట్లో పట్టేది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా అని అడగండి. వేలంత పొడుగు ఎమ్.2 ముక్కలు చూడ్డానికి ఒకేలా ఉండి రెండు రకాలుగానూ వస్తాయి. కానీ ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టి మర్చిపోవడానికి ఎస్‌ఎస్‌డీ మంచిది కాదు. కరెంటు తగలకుండా ఉంటే అందులో రాసింది మెల్లగా చెరిగిపోవచ్చు. దానికి మామూలు హార్డ్ డిస్కే నయం, అదీ ఏడాదికోసారి తగిలించి చూస్తూ. మేం దసరాకి ఆయుధపూజ నాడు బొట్టు పెట్టి, తగిలించి, నాలుగు ఫోటోలు చూసి మళ్ళీ పెడుతున్నాం. ఒక నకలు మా ఇంట్లో, ఒకటి బెంగళూరులో తమ్ముడి దగ్గర, ఒకటి ఆన్‌లైన్‌లో. ఐదొందలకి 2 టీబీ పెన్‌డ్రైవ్ అని కనబడితే మాత్రం కొనకండి. అది అంత ఉన్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది. నిండాక వేసినవన్నీ పైకి బాగున్నట్టే కనబడి, తెరిస్తే ఏమీ ఉండవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌ని నింపి, మళ్ళీ చదివి, నిజమెంతో చెబుతుంది.

ఫిబ్రవరిలో కాలనీకి వెళ్ళి అమ్మ ఇంట్లో టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టాను. చాలా పాత టీవీలు ఫ్యాట్32 పద్ధతిలో ఉన్నదే చదువుతాయి, అందుకని అలాగే చేసి తీసుకెళ్ళాను. బాపు ఫోటో దగ్గర అమ్మ ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు చూసి, "ఆ దర్వాజ రంగు నేనేయించిన" అంది. తర్వాతది పెట్టమంది.

పక్కింటి పెద్దమ్మ చక్కెర కోసం వచ్చి నిలబడిపోయింది. పెళ్ళి ఊరేగింపు ఫోటో అది. మా వాళ్ళ వెనకాల గోడ, గోడ పక్కన యాప చెట్టు. "అగో, అది మా యాప చెట్టే గదనే" అంది. చక్కెర గిన్నె కింద పెట్టి కూర్చుంది. అరగంటలో ఇంకో నలుగురొచ్చారు. హనుమాండ్ల గుడి ముందు బతుకమ్మ ఆడుతున్న ఫోటోని పది నిమిషాలు తిప్పనివ్వలేదు. ఆడేవాళ్ళని కాదు, వాళ్ళ వెనకాల కనబడే ఇళ్ళని లెక్కపెడుతున్నారు. ఎవరి గడప ఎక్కడ, ఎవరి బర్రెల కొట్టం ఎక్కడ, మధ్యలో ఎవరి గోడ కూలితే ఎవరితో కొట్లాట అయింది. మా తమ్ముడు వాళ్ళెవరి ఇంటినీ తీయాలని తీయలేదు. అమ్మాయిల్ని తీసుంటాడు, వెనకాల ఊరు పడింది.

యాప చెట్టు పెద్దమ్మకి ఆ ఒక్క ఫోటో పెద్దది చేయించి కరీంనగర్ స్టూడియోలో ఫ్రేమ్ కట్టించాం. మిగిలినవాళ్ళు పెన్‌డ్రైవ్ అడిగారు. 32 జీబీవి తెప్పించాను, అంతవరకు విండోస్‌లోనే ఫ్యాట్32 చేసుకోవచ్చు. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళకి ఇచ్చాను. ముంబయిలో ఉండే ఒక వదినె ఇంకా రావాలి, ఆమెది పంచాయతీ బాయి పక్కిల్లు. బాయి కనబడే ఫోటోలు ఆరు దొరికాయి, వాటిని విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి ఉంచాను.